ఫిజియో క్లినిక్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టి ఏడాదిన్నర: ఏది పనికొచ్చింది, ఏది విసిగించింది

ముందే చెప్పేస్తున్నా, క్లినిక్‌లో అపాయింట్‌మెంట్లు, ప్యాకేజీలు, బిల్లుల లెక్క చూసుకునే ఈ సాఫ్ట్‌వేర్ పేరు రాయను. ఇందులో సగం తిట్లే ఉన్నాయి, పైగా కొనేముందు నేను నాలుగు కంపెనీల డెమోలు చూశాను, నాలుగూ అన్నదమ్ముల్లానే ఉన్నాయి, కాబట్టి దీని గురించి చెప్పింది మిగతా మూడింటికీ చాలావరకు సరిపోతుంది. గుంటూరు బ్రాడీపేటలో నాలుగు బెడ్ల ఫిజియోథెరపీ క్లినిక్ నాది. పదకొండేళ్లయింది. నేను, ఇద్దరు జూనియర్ ఫిజియోలు, రిసెప్షన్‌లో ఒక అమ్మాయి, పొద్దున్నే వచ్చి తుడిచి హాట్ ప్యాకులు వేడినీళ్లలో వేసి పెట్టే ఆయమ్మ. ఇంతే మా సంస్థానం.

చదువుకున్న నాలుగున్నరేళ్లలో కండరాల పేర్లు, నరాల దారులు, ఏ కీలు ఎటు ఎంత తిరగాలి అన్నీ చెప్పారు గానీ గల్లాపెట్టె ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పలేదు. అందరిలాగే నేనూ ఒక లాంగ్ బుక్‌తో మొదలుపెట్టాను. ఎడమ పక్క పేరు, ఫోన్ నంబరు, నొప్పి ఎక్కడ, కుడి పక్క పది గళ్లు, వచ్చిన రోజు ఒక టిక్కు. డబ్బులిస్తే చివర ఎర్ర పెన్నుతో రాసేవాళ్లం. ఫోన్‌పే, గూగుల్‌పే వచ్చాక ఆ ఎర్ర పెన్ను లెక్క గాలికి పోయింది, ఎందుకంటే డబ్బు పేషెంటు వెయ్యడు, హైదరాబాదులో ఉన్న కొడుకు వేస్తాడు, సౌండ్ బాక్సు "మూడు వందల యాభై రూపాయలు" అని అరుస్తుంది, అది ఎవరిదో కనుక్కోడానికి సాయంత్రం నేనూ రిసెప్షన్ అమ్మాయీ కూర్చుని ఫోన్‌లో పేర్లు వెతుక్కునేవాళ్లం. సాఫ్ట్‌వేర్ వైపు మనసు పోయింది అందుకే. ఏదో మోడర్న్‌గా ఉండాలనే సరదా కాదు.

కొనేటప్పుడే ఒక చిన్న దెబ్బ తగిలింది. ఏడాదికి 12,000 అన్నారు, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,160, మొత్తం 14,160. "జీఎస్టీ మీరు ఇన్‌పుట్‌లో తిరిగి తీసేసుకోవచ్చు మేడం" అన్నాడు అమ్మడానికి వచ్చిన కుర్రాడు ఎంతో ధైర్యంగా. మా ఆడిటర్ గారికి చెబితే నవ్వారు. వైద్య సేవలకి 2017లో జీఎస్టీ వచ్చినప్పటినుంచీ మినహాయింపు ఉంది, మన ఫిజియో కూడా అందులోకే వస్తుంది, మనం పేషెంటు దగ్గర జీఎస్టీ వసూలు చెయ్యం కాబట్టి మనం కట్టింది తిరిగి రాదు, అది ఖర్చే. ఇంకో మాట కూడా అన్నారు ఆయన: "నడుం బెల్టులు, మోకాళ్లకి వేసే క్యాపులు మీరు అమ్మొద్దమ్మా, ఎదురు మెడికల్ షాపు చూపించండి." వస్తువులు అమ్మడం మొదలుపెడితే, పన్ను లేని ఫీజులు కూడా టర్నోవర్‌లో కలుస్తాయట, పరిమితి దాటితే ఆ నాలుగు బెల్టుల కోసం రిజిస్ట్రేషన్, ఆపైన రిటర్నులు. ఆ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం "ప్రొడక్ట్ సేల్స్ పెంచుకోండి" అని రోజూ ఒక పాపప్ వస్తుంది. మూసేస్తూ ఉంటాం.

పెట్టడానికి రెండు రోజులు పట్టింది. మొదటి రోజు తెలిసింది ఇది అసలు డెంటల్ క్లినిక్ కోసం తయారుచేసిన సరుకని. మా బెడ్లు "చెయిర్ 1, చెయిర్ 2" అని కనిపించేవి. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనని "చెయిర్ 3"లో పడుకోబెట్టాం అన్నమాట, రికార్డు ప్రకారం. మార్చమంటే మూడు వారాలు పట్టింది. దీన్ని పెద్ద తప్పని అనను గానీ, ఇక్కడే అసలు తేడా ఒకటుంది, కొనేవాళ్లు గమనించాల్సింది. డాక్టర్ గారి ఓపీకి పేషెంటు ఒకసారి వస్తాడు, ఫీజు కడతాడు, వెళ్లిపోతాడు. మన దగ్గరికి అదే మనిషి పది, పదిహేను, స్ట్రోక్ అయితే అరవై రోజులు వస్తాడు. వచ్చి చికిత్స చేయించుకున్న ఒక్కో రోజూ ఒక సిట్టింగు. మన వ్యాపారం అపాయింట్‌మెంట్ల వ్యాపారం కాదు, సిట్టింగుల ఖాతా. ఎవరికి ఎన్ని సిట్టింగులు బాకీ, ఎవరు మనకి ఎంత బాకీ. ఈ రెండు అంకెలు సరిగ్గా చూపించే సాఫ్ట్‌వేర్ చాలు, మిగతాదంతా పైపూత.

ఆ విషయంలో మాత్రం దీనికి మార్కులు వెయ్యాలి. నాలుగో నెలలో, అంటే 2024 అక్టోబరులో, ఏదో వెతుకుతుంటే "మధ్యలో ఆగిన ప్యాకేజీలు" అని ఒక రిపోర్టు కనపడింది. అప్పటిదాకా నా పద్ధతి ఏంటంటే పది సిట్టింగులకి 4,000, సగం ముందు కట్టాలి, రెండో సగం ఆరో సిట్టింగు రోజు. రిపోర్టులో ఆ మూడు నెలల్లో మొదలైన 60 ప్యాకేజీల్లో 23 మధ్యలో ఆగాయి. సరే, ఆగుతాయి, నొప్పి తగ్గితే ఎవరు వస్తారు అనుకున్నా. కానీ ఎన్నో సిట్టింగు దగ్గర ఆగారో కూడా ఉంది అందులో. 23 మందిలో 14 మంది సరిగ్గా ఐదో సిట్టింగు దగ్గరే ఆగారు. నాలుగు కాదు, ఏడు కాదు. ఐదు. ఆరో రోజు డబ్బులు అడుగుతామని వాళ్లకి తెలుసు! పదేళ్లుగా లాంగ్ బుక్‌లో ఇది నా కళ్ల ముందే ఉంది, గళ్లలో టిక్కులు సగానికి ఆగిపోయిన వరసలు ఎన్నో చూశాను, కానీ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. కొత్త పేషెంట్లు రావడం లేదని ఆటోల వెనక బ్యానర్లు వేయించాను, పాంప్లెట్లు పంచాను, ఇంట్లో ట్యాంకుకి చిల్లు పెట్టుకుని మునిసిపాలిటీని తిట్టినట్టు.

ఆ 14 మందికీ నేనే ఫోన్లు చేశాను. అమ్మాయి చేత చేయిస్తే డబ్బులకి అనుకుంటారని. ఎత్తినవాళ్లు తొమ్మిది మంది. ఒకామెకి ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం బిగుసుకుపోవడం, "జాకెట్టు హుక్కులు పెట్టుకోగలుగుతున్నా మేడం, ఇంకెందుకు" అంది. చెయ్యి ఇంకా పైకి లేవట్లేదు, పై అరలో డబ్బా తియ్యలేదు, కానీ ఆమె దృష్టిలో పని అయిపోయింది. ఇద్దరికి ఊరి నుంచి ఆటో ఖర్చు సిట్టింగు ఫీజు కంటే ఎక్కువవుతోంది. ఒకాయన మాత్రం కాస్త ఆగి, "మీ అమ్మాయి అందరి ముందూ బ్యాలెన్స్ ఉందండీ అనేసింది, మళ్లీ రాబుద్ధి కాలేదు" అన్నారు. దానికి ఏ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? నిజానికి కారణం సాఫ్ట్‌వేరే. పేషెంటు పేరు కొట్టగానే స్క్రీన్ మీద ఎర్రగా బాకీ వచ్చేస్తుంది, అది చూసి ఆ పిల్ల అనేసింది. లాంగ్ బుక్ రోజుల్లో ఆ ఎర్ర పెన్ను పేజీ చివర ఎక్కడో ఉండేది.

నేనప్పుడు తెలివి ఉపయోగించాననుకుని ఒక పని చేశా. మొత్తం ముందే కడితే 3,500కే పది సిట్టింగులు అని బోర్డు పెట్టా. జనం బాగానే కట్టారు. పండగ ముందు మోకాళ్ల నొప్పులన్నీ వాయిదా పడతాయి మనకి తెలుసుగా, పిండివంటలు అవ్వాలి, అల్లుళ్లు వెళ్లాలి, అప్పుడు గుర్తొస్తుంది నడుం. 2025 సంక్రాంతి వెళ్లాక ఒక్కసారి 38 ప్యాకేజీలు వచ్చాయి, 1,33,000 రూపాయలు. సాఫ్ట్‌వేర్ డ్యాష్‌బోర్డులో జనవరి గీత కొండెక్కినట్టు పచ్చగా లేచింది, కింద "అభినందనలు" అని కాగితం ముక్కలు రాలే బొమ్మ కూడా వేసింది. ఆ ఊపులో, నొప్పి ఉన్నచోట తరంగాలతో కొట్టే షాక్‌వేవ్ మెషిన్‌కి 60,000 అడ్వాన్సు ఇచ్చేశా.

ఫిబ్రవరిలో నాలుగు బెడ్లూ నిండుగా ఉన్నాయి, పొద్దున ఏడున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా జూనియర్లకి టీ తాగే టైం లేదు, కానీ గల్లాలోకి రూపాయి రావడం లేదు. వచ్చేవాళ్లంతా జనవరిలోనే కట్టేసినవాళ్లు. పదో తారీఖు వచ్చింది, జీతాలకి చూస్తే డబ్బు లేదు, మా వారి దగ్గర చేబదులు తీసుకున్నా. ఆ రాత్రి కూర్చుని కాగితం మీద లెక్క వేశా. 38 ప్యాకేజీలంటే 380 సిట్టింగులు. జనవరి ఆఖరుకి చేసింది 140. ఇంకా 240 సిట్టింగులు, ఒక్కోటీ 350 చొప్పున 84,000 రూపాయల పని నేను జనానికి బాకీ ఉన్నాను. నేను సంపాదించాననుకున్న దాంట్లో సగానికి పైగా నాది కాదు. ఎవరైనా ఆపరేషన్ పడి మానేస్తే, ఊరు మారితే, ఆ మిగతాది తిరిగి ఇవ్వాల్సిన డబ్బు. బట్టల కొట్టులో చీర ఇచ్చి డబ్బు తీసుకుంటే అక్కడితో సరి, మనది చిట్టీ పాట ముందే పాడుకున్నవాడి పరిస్థితి, చేతిలో డబ్బు ఉంటుంది, ముందు నెలలన్నీ కట్టాలి.

మరీ కోపం వచ్చిందెక్కడంటే, ఈ లెక్క సాఫ్ట్‌వేర్‌లో ఉంది. రిపోర్ట్స్, అందులో అకౌంట్స్, అందులో "అడ్వాన్సెస్" అని మూడో మెట్టు కింద దాచిపెట్టారు. ముందు పేజీలో మాత్రం కట్టిన రోజే మొత్తం ఆదాయంగా చూపిస్తుంది, ఎందుకంటే గీత పైకి లేస్తే డాక్టరు సంతోషిస్తాడు, సంతోషిస్తే రెన్యూవల్ చేస్తాడు. మీరు ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా డెమోలో ఈ ఒక్క ప్రశ్న అడగండి: ఇవాళ్టికి నేను జనానికి ఎన్ని సిట్టింగులు బాకీ ఉన్నానో ఎక్కడ కనపడుతుంది? చూపించడానికి ఐదు నిమిషాలు తడుముకుంటే లేచి రావచ్చు. నేనిప్పుడు బ్యాంకులో రెండో ఖాతా తెరిచి, ప్యాకేజీ డబ్బంతా ముందు అందులో వేసి, ప్రతి శనివారం ఆ వారం చేసిన సిట్టింగుల డబ్బు మాత్రమే మొదటి ఖాతాలోకి మార్చుకుంటున్నా. ఈ పనికి సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకె వాడుతున్నా, కాబట్టి పూర్తిగా తిట్టలేను.

ప్యాకేజీ కూడా మార్చేశా. ఇప్పుడు ఐదు సిట్టింగులకి 1,800, అంతే. ఐదో రోజు, కీలు ఎన్ని డిగ్రీలు కదులుతోందో కొలిచే గోనియోమీటరు పెట్టి మళ్లీ కొలుస్తాం, మొదటి రోజు కొలతా ఇవాళ్టిదీ స్క్రీన్ మీద పక్కపక్కన చూపిస్తాం. ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క ఇదే, వాళ్లు దీని గురించి డెమోలో ఒక్క మాట కూడా చెప్పలేదు. కీలు పేరు, డిగ్రీలు ఎక్కిస్తే మనిషి బొమ్మ మీద చెయ్యి ఎంతవరకు లేచిందో గీసి చూపిస్తుంది. "మొదటి రోజు 70 దగ్గర ఆగిందమ్మా, ఇవాళ 105. ఇంకా ఇంత ఉంది" అని ఆ ఖాళీ చూపిస్తే, హుక్కులు పెట్టుకోగలుగుతున్నా అన్నావిడే "అయితే ఇంకో ఐదు రాయండి" అంటోంది. మామూలుగా మన పేషెంట్లకి ఎక్సర్‌సైజు అంటే చికిత్స కాదు, "కరెంటు పెట్టండి మేడం చాలు" అంటారు, ఐఎఫ్‌టీ అనే కరెంటు మెషిన్ పెట్టి పావుగంట జివ్వుమనిపిస్తేనే డబ్బులకి న్యాయం జరిగినట్టు. వాళ్లకి ఈ బొమ్మ బాగా ఎక్కింది.

ఇక తప్పుల సంగతి. పట్టాభిపురం నుంచి ఒక మాస్టారు వచ్చేవారు, రిటైరైన లెక్కల మాస్టారు, కుడి మోకాలు మార్పిడి అయింది. చొక్కా జేబులో ఎల్ఐసీ ఏజెంటు ఇచ్చిన బుల్లి డైరీ, దానికి రబ్బరుబ్యాండు. ప్రతి సిట్టింగు అయ్యాక కుర్చీలో కూర్చుని కాలు చాపుకుని రాసుకునేవారు: తేదీ, "సైకిలు 10 ని., ఐసు, వంపు 85". ఒకరోజు వెళ్లబోతూ కౌంటరు దగ్గర ఆగి, "అమ్మాయ్, మీ కంప్యూటరు ఏడంటోంది, నా డైరీ ఆరంటోంది. నేను ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను, చూసుకో ఒకసారి" అన్నారు. కోపంగా కాదు, తప్పు లెక్క చేసిన పిల్లవాడి పలక తిరిగి ఇచ్చినట్టు. తీసి చూస్తే ఒకే రోజు రెండు సిట్టింగులు పడ్డాయి, 10 గంటల 42 నిమిషాలకి ఒకటి, 10 గంటల 43కి ఒకటి. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు "చెక్ ఇన్" నొక్కితే ఏమీ కదలదు, మా అమ్మాయి మళ్లీ నొక్కింది, రెండూ పడ్డాయి. ఒక మనిషి నిమిషంలో రెండు సిట్టింగులు ఎలా చేయించుకుంటాడని దానికి అనుమానం రాలేదు.

కంపెనీకి ఫోన్ చేస్తే "యూజర్ ఎర్రర్ మేడం" అన్నారు. ఆ ముక్క వినగానే పాత ఎంట్రీలన్నీ వెనక్కి తిరగేసి చూశాను, ఇంకో తొమ్మిది మందికి ఇలాగే ఒకటో రెండో సిట్టింగులు కరిగిపోయాయి. వాళ్లెవరూ అడగలేదు, కంప్యూటరు చెప్పింది కదా అని నమ్మారు. తొమ్మిది మందికీ ఫోన్ చేసి మీకు సిట్టింగు మిగిలి ఉంది రండి అంటే ఒకావిడ అయితే ఇదేదో మోసం కాల్ అనుకుని పెట్టేసింది. ఆరు నెలల తర్వాత అప్‌డేట్‌లో ఆ బటన్ ఒకసారి నొక్కితే బూడిద రంగులోకి మారేలా చేశారు. అప్పటిదాకా మళ్లీ లాంగ్ బుక్ తీశాం, పేషెంటు చేత సంతకం. ఇప్పటికీ తీసెయ్యలేదు.

తెలుగు మెసేజ్‌ల గురించి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. అపాయింట్‌మెంట్ ముందు రోజు వాట్సాప్‌లో తెలుగులో మెసేజ్ పోతుంది అని గొప్పగా చెప్పారు. పోయింది. "ప్రియమైన రోగి, మీ నియామకం రేపు ఉదయం 10 గంటలకు ధృవీకరించబడింది." ఒకాయన కొడుకు ఫోన్ చేసి "మా నాన్నకి ఏం ఉద్యోగం అండీ?" అని అడిగాడు, వెటకారమో నిజంగా అడిగాడో ఇప్పటికీ తెలీదు. నేనే రాశాను: "రేపు పొద్దున 10కి మీ సిట్టింగు. వదులు బట్టలు వేసుకుని రండి. రాలేకపోతే ఒక ఫోన్ చెయ్యండి." దాన్ని వాట్సాప్ వాళ్లు ఆమోదించాలట, అయ్యాక బాగా పనిచేసింది, చెప్పకుండా ఎగ్గొట్టేవాళ్లు నిజంగా తగ్గారు. ఈ మెసేజ్‌లకి మళ్లీ వేరే రీచార్జి, అది 12,000లో కలవదు, ఎక్కడా పెద్దక్షరాల్లో ఉండదు.

ఇంకొకటుంది, అది నవ్వే విషయం కాదు. నెల రోజులు రాని పేషెంట్లందరికీ అదే దానంతట అది "వుయ్ మిస్ యూ" అని గుండె బొమ్మతో మెసేజ్ పంపుతుంది. స్ట్రోక్ వచ్చి మా దగ్గర రెండు నెలలు చేయించుకున్న ఒక పెద్దావిడ పోయారు. పెద్దకర్మ అయిన మర్నాడు వాళ్ల ఇంటికి ఆ మెసేజ్ వెళ్లింది. కూతురు స్క్రీన్‌షాట్ పంపింది, కింద ఏమీ రాయలేదు. ఆ సెట్టింగు మొదటినుంచీ ఆన్‌లోనే ఉందని నాకు తెలియదు. తెలుసుకోవాల్సింది నేనే. మీరు పెట్టిన రోజే దాన్ని ఆఫ్ చెయ్యండి.

బిల్లుల దగ్గరా కొంత తల నొప్పి. మన దేశంలో మామూలు హెల్త్ పాలసీలు ఓపీ ఫిజియోకి డబ్బులివ్వవు గానీ, ఆపరేషన్ అయి డిశ్చార్జి అయ్యాక పాలసీని బట్టి 60 రోజులో 90 రోజులో అయ్యే ఖర్చు తిరిగి ఇస్తాయి, సర్జన్ గారు ఫిజియో చేయించుకోమని రాసిన చీటీ ఉంటే. ఏ తేదీన ఏం చేశామో, ఎంత తీసుకున్నామో విడివిడిగా ఉండాలి. మన సాఫ్ట్‌వేర్ ఇచ్చే బిల్లు ఒకే లైను: "ప్యాకేజీ, 1, 3,500." హైదరాబాదులో ఉద్యోగం చేసే ఒకబ్బాయి వాళ్లమ్మ గారి బిల్లు పెడితే ఇన్సూరెన్సు వాళ్లు క్వెరీ వేశారు, నేను లెటర్‌హెడ్ మీద పది తేదీలూ చేత్తో రాసి స్టాంపు వేసి ఇచ్చాను. తేదీలవారీ బిల్లు అడిగి అడిగి నాలుగు నెలలకి వచ్చింది.

అదే చిత్రంగా, అక్కర్లేనివి మాత్రం దండిగా ఉన్నాయి. ప్రతి సిట్టింగు నోట్సులో "యూనిట్లు" అని ఒక గడి, నింపకపోతే ముందుకి పోదు. ఏంటో అర్థం కాలేదు. నా క్లాస్‌మేట్ ఒకామె అమెరికాలో, న్యూజెర్సీలో పీటీగా, అంటే ఫిజియోథెరపిస్టుగా చేస్తోంది, దాన్ని అడిగితే పడీపడీ నవ్వింది. అక్కడ మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా బిల్లింగులో నిమిషాల లెక్క, 8 నుంచి 22 నిమిషాలు చేస్తే ఒక యూనిట్, 23 నుంచి 37 అయితే రెండు, ఎక్సర్‌సైజుకి 97110 అని కోడ్, చేత్తో చేసే థెరపీకి 97140. వాళ్ల బతుకంతా ఆ నిమిషాలు రాసుకోవడమేనట. వాళ్ల సాఫ్ట్‌వేర్ చూసి మన వాళ్లు గడులు కాపీ కొట్టారు, మన దగ్గర ఎవరికీ అక్కర్లేదని చూసుకోలేదు. మేము అందరికీ 1 కొట్టేస్తాం.

"రిఫరల్ కమిషన్" అని ఇంకో గడి. పేషెంటుని పంపిన డాక్టరు పేరు, ఎంత శాతం, నెలాఖరుకి ఎవరికి ఎంత ఇవ్వాలో తనే లెక్కకట్టి ఎక్సెల్ ఇస్తుంది. దీని గురించి మన లైన్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు కానీ అందరికీ తెలుసు. పేషెంటుని పంపినందుకు డాక్టర్లు కమిషన్ తీసుకోవడం, ఇవ్వడం తప్పని మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళిలోనే ఉంది, ఆ తప్పుకి నీటుగా ఒక కాలమ్ కట్టి ఇచ్చారు వీళ్లు. నేను ఆ గడి తీసేయించాను, పంపడం మానేసిన డాక్టర్లు ఇద్దరున్నారు, అదీ రాస్తున్నా. బిల్లు మీద పేరు ముందు దానంతట అది "డా." అని కూడా వేస్తుంది. 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ నుంచి ఫిజియోలు అలా పెట్టుకోకూడదని ఉత్తరం వచ్చి, మర్నాడే వెనక్కి పోయిందే, ఆ రెండు రోజులూ మా జూనియర్లు ఆ అక్షరం తీసెయ్యాలా ఉంచాలా అని సెట్టింగ్స్ తెరుచుకుని కూర్చున్నారు. నేను పేరు చివర పీటీ అని పెట్టుకుని ఊరుకున్నా.

హోం విజిట్లకి ఒక యాప్ ఇచ్చారు. గోరంట్ల వైపు, నల్లపాడు వైపు మా వాళ్లు వెళ్తుంటారు. వెళ్లినట్టు లొకేషన్ పడుతుంది, డబ్బు తీసుకున్నట్టు రసీదు వెళ్తుంది, అంతవరకు బాగుంది. కానీ పదో విజిట్ తర్వాత మన జూనియరే "మేడంకి చెప్పకండి, నేను తక్కువకి వస్తా" అంటే ఏ యాప్ పట్టుకుంటుంది? ఒకసారి జరిగింది నాకు. హోం విజిట్‌లో అతనికి ఇచ్చే వాటా పెంచాను, అంతకన్నా మందు లేదు.

సపోర్టు: ఫోన్ ఎత్తుతారు, మర్యాదగా మాట్లాడతారు, "టికెట్ రైజ్ చేశాం మేడం" అంటారు. తర్వాత ఆ టికెట్టుకి ఏమవుతుందో ఆ పైవాడికే తెలియాలి. ఇంకొక్కటి చూసుకోండి, బయటికి పోయే దారి. మన డేటా మనం తీసుకుని వెళ్లాలంటే ఎక్సెల్ ఇస్తారా, పీడీఎఫ్ ఇస్తారా అని కొనకముందే రాతపూర్వకంగా అడగండి. నాకు పీడీఎఫ్ ఇస్తామన్నారు. మూడు వేల మంది పేషెంట్ల పీడీఎఫ్‌లు పెట్టుకుని నేనేం చేసుకోను, అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించాలి. నెలనెలా ప్యాకేజీల రిపోర్టు మాత్రం ఎక్సెల్‌లో వస్తుంది, అది దింపి పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటున్నా.

ఐదుకి ఎన్ని స్టార్లు అంటే మూడు. ఆ మూడూ ఆగిన ప్యాకేజీల రిపోర్టుకి ఒకటి, అడ్వాన్సుల లెక్కకి ఒకటి, డిగ్రీల బొమ్మకి ఒకటి. రోజుకి పది మంది లోపు పేషెంట్లు వచ్చే క్లినిక్ అయితే 14,160 పెట్టొద్దు, ఒక లాంగ్ బుక్, క్లినిక్‌కి వేరే యూపీఐ నంబరు, నెలకోసారి టిక్కులు లెక్కపెట్టే ఓపిక ఉంటే సరిపోతుంది. నాలుగు బెడ్లు, ఇద్దరు జూనియర్లు దాటాక మాత్రం తప్పదు. నేను రెండో ఏడు రెన్యూవల్ చేశాను, మెసేజ్‌ల ప్యాకు చిన్నది తీసుకున్నా, సేల్స్ కుర్రాడు 2,000 తగ్గించాడు, అడిగితేనే.

మాస్టారికి ఎడమ మోకాలు ఆపరేషన్ ఈ సంక్రాంతి వెళ్లాక. మొన్న ఫోన్ చేసి బెడ్ ఖాళీ ఉంచమన్నారు. కొత్త డైరీ కూడా వచ్చిందట.